మందు పెంచితే తేటపడదు: గని బురదపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఖనిజాన్ని నూరి, కావలసినది తీసుకున్నాక మిగిలే బురదనీటిని, అంటే టైలింగ్స్‌ను, చెరువుకు పంపే ముందు థిక్‌నర్ అనే పెద్ద గుండ్రటి తొట్టిలో నిలబెట్టి, తేటనీటిని (ఓవర్‌ఫ్లో) పైనుంచి, చిక్కటి బురదను (అండర్‌ఫ్లో) అడుగునుంచి తీస్తారని గత సంచికలో రాశాము. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రేణువులను గుత్తులుగా చేర్చి దింపడానికి ఆ తొట్టిలో వేసే ఫ్లాక్యులెంట్ గురించినవే. కార్మికులు దానిని మందు అనే అంటారు కనుక ఈ జవాబులలో మేమూ ఆ మాటనే అక్కడక్కడ వాడుతున్నాము.

ప్రశ్న: ఇసుక నిమిషాలలో అడుగుకు చేరుతుంది. మెత్తటి బురద మాత్రం రోజుల తరబడి నీటిలోనే ఎందుకు తేలుతుంది? మంచినీటికి వాడే పటిక దీనికి సరిపోదా?
— మైనింగ్ విద్యార్థి, కొత్తగూడెం

జవాబు: రేణువు దిగే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుందని స్టోక్స్ సూత్రం చెబుతుంది. 10 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) క్వార్ట్జ్ రేణువు నిలకడ నీటిలో గంటకు సుమారు 32 సెంటీమీటర్లు దిగుతుంది. అదే రేణువు 1 మైక్రానుకు తగ్గితే వేగం నూరో వంతుకు పడిపోయి, రోజంతా కలిపి 8 సెంటీమీటర్లు కూడా దిగదు. పైగా బంకమన్ను, సిలికా వంటి రేణువుల ఉపరితలం మామూలు నీటిలో ఋణావేశంతో ఉంటుంది కాబట్టి అవి ఒకదానినొకటి నెట్టుకుంటాయే తప్ప కలిసి పెద్దవి కావు.

పటిక, ఫెర్రిక్ క్లోరైడ్, సున్నం వంటి కొయాగ్యులెంట్లు ఆ ఆవేశాన్ని తగ్గించి రేణువులు దగ్గరకు రావడానికి వీలు కల్పిస్తాయి. అయితే అలా ఏర్పడే గుత్తులు చిన్నవి, మెత్తనివి. మంచినీటి కేంద్రంలో గంటల తరబడి ఆగే అవకాశం ఉంది గనుక అక్కడ అవి చాలు. గంటకు కొన్ని మీటర్ల వేగంతో బురద దిగితే తప్ప గనిలోని థిక్‌నర్ నడవదు. అందుకే ఫ్లాక్యులెంటుగా పాలీఆక్రిలమైడ్ అనే పాలిమర్ గొలుసులను, అంటే చాలా పొడవైన అణువులను, వాడతారు. వీటి అణుభారం సాధారణంగా 1 కోటి నుంచి 2 కోట్ల వరకు ఉంటుంది. అటువంటి గొలుసును పూర్తిగా సాగదీసి కొలవగలిగితే దాని పొడవు 50 మైక్రాన్ల దాకా రావచ్చు, అంటే అది పట్టుకోవలసిన రేణువుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గొలుసులో కొంత భాగం ఒక రేణువుకు అంటుకొని, నీటిలోకి చాచుకున్న మిగతా భాగం పక్క రేణువును పట్టుకుంటుంది. ఇక్కడ విద్యార్థులు తరచుగా మరిచే విషయం ఒకటి ఉంది. పక్క రేణువుపై గొలుసు అంటుకోవడానికి ఖాళీ చోటు ఉండాలి. మందు మరీ ఎక్కువైతే ప్రతి రేణువూ గొలుసులతో పూర్తిగా కప్పుకుపోయి, పట్టుకోవడానికి చోటు లేక మళ్ళీ విడివిడిగా తేలడం మొదలవుతుంది.

బంకమన్ను ఎక్కువగా ఉన్న చోట ఈ రెండింటినీ కలిపి వాడడం మామూలే. అప్పుడు కొయాగ్యులెంటు ముందు, పాలిమర్ తరువాత పడాలి.

ప్రశ్న: మా ఇనుప ఖనిజం వాషింగ్ ప్లాంటులో వానాకాలం వచ్చిందంటే థిక్‌నర్ ఓవర్‌ఫ్లో ఎర్రగా వస్తుంది. మందు పెంచుతాము, ఒకటి రెండు గంటలు బాగుంటుంది, తరువాత రేక్ (అడుగు బురదను మధ్యకు లాగే తిరుగుడు చేయి) టార్క్, అంటే దానిని తిప్పడానికి పట్టే బలం, పెరుగుతుంది, అండర్‌ఫ్లో మాత్రం పలుచబడుతుంది. టార్క్ పెరిగితే బురద చిక్కబడాలి కదా? ఎక్కడ పొరపాటు జరుగుతోంది?
— షిఫ్టు ఇన్‌ఛార్జి, బళ్ళారి జిల్లా

జవాబు: మీ ఉత్తరంలోని చివరి వాక్యమే అసలు సంగతిని పట్టిస్తోంది. టార్క్ పెరుగుతూ అండర్‌ఫ్లో పలుచబడుతున్నదంటే, అడుగున పేరుకున్న బురద నీటిని వదలకుండా జిగురుముద్దగా మారిందని అర్థం. ఆ ముద్ద రేక్‌తోపాటు ఒకే దిమ్మెగా తిరుగుతూ ఉంటే, దాని పక్కనుంచి దారి చేసుకొని పలుచటి బురద పంపుకు చేరుతుంది. దీనికి సర్వసాధారణమైన కారణం మందు ఎక్కువ కావడమే. అందుచేత మీరు చేస్తున్న వైద్యం రోగాన్నే పెంచుతున్నదని చెప్పక తప్పదు.

ముందుగా లెక్క చూద్దాం. తొట్టిలోకి గంటకు 100 టన్నుల పొడి ఘనపదార్థం వస్తున్నప్పుడు టన్నుకు 20 గ్రాముల మోతాదు కావాలంటే గంటకు 2 కిలోల పాలిమర్ కావాలి. వానలో ఉత్పత్తి తగ్గి ఘనపదార్థం 60 టన్నులకు దిగినా, డోసింగ్ పంపు అదే వేగంతో నడుస్తూ ఉంటే మోతాదు ఎవరూ ముట్టుకోకుండానే 33 గ్రాములు దాటుతుంది. ఆ సమయంలో ఓవర్‌ఫ్లో ఎర్రబడిందని పంపును ఇంకా పెంచితే ఏమవుతుందో మీరే చూస్తున్నారు. మందును లీటర్లలో కాక టన్నుకు గ్రాములలో లెక్కించే అలవాటు ప్రతి షిఫ్టుకూ ఉండాలి. ఫీడ్, అంటే తొట్టిలోకి వచ్చే బురద, పైపుమీద డెన్సిటీ మీటరు, ఫ్లో మీటరు ఉంటే డోసింగ్ పంపును వాటికి జతచేయవచ్చు. లేకపోతే గంటకొకసారి మార్సీ తక్కెడతో సాంద్రత తూచి రాసుకోవడమైనా జరగాలి.

అయితే వానాకాలపు ఎరుపంతా మోతాదు తప్పువల్లే వస్తుందని అనలేము. తడిసిన పైపొరల్లోని లేటరైటు, కేయొలినైటు వంటి మెత్తటి మట్టి ఖనిజంతోపాటు ప్లాంటులోకి వస్తుంది, దాని ఉపరితల వైశాల్యం ఎక్కువ కనుక మందు అవసరం నిజంగానే కొంత పెరుగుతుంది. ఈ రెండు పరిస్థితులను వేరు చేసి చూడడానికి సులువైన పరీక్ష ఉంది. ఫీడ్‌వెల్ (తొట్టి మధ్యన ఫీడ్ వచ్చి పడే గుండ్రటి గది) లోపలి బురదను గాజు గ్లాసులోకి తీసుకొని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పెద్ద గుత్తులు ఏర్పడి, వాటి మధ్య నీరు మాత్రం ఎర్రగా మిగిలితే, మందు అందని సన్నరేణువులు ఉన్నాయని తెలుస్తుంది. అక్కడ మోతాదు పెంచడంవల్ల లాభం లేదు, ఎందుకంటే వేసిన మందంతా ముందు దొరికిన రేణువులకే అంటుకుపోయింది. అప్పుడు చూడవలసినవి ఫీడ్ ఎంత చిక్కగా ఉంది, మందు ఎంత పలుచగా ఉంది, అవి ఎంత నెమ్మదిగా కలుస్తున్నాయి అన్న మూడు విషయాలు.

ఫీడ్‌లో ఘనపదార్థం 20, 25 శాతం ఉంటే ఎంత మంచి పాలిమర్ అయినా అందులో సమంగా పరుచుకోదు. ఓవర్‌ఫ్లో నీటిలో కొంత భాగాన్నే ఫీడ్‌వెల్‌లోకి మళ్ళించి, 8 నుంచి 12 శాతానికి పలుచన చేయడం చాలా ప్లాంట్లలో మందు ఖర్చును తగ్గిస్తూనే తేటదనాన్ని పెంచుతుంది. చిక్కబరచడానికి పలుచన చేయడమేమిటని కొత్తగా వచ్చిన ఇంజనీర్లు అడుగుతారు. రేణువులు స్వేచ్ఛగా కదిలి గుత్తులుగా చేరితేనే అవి వేగంగా దిగుతాయి, వేగంగా దిగినదే అడుగున బాగా నొక్కుకుంటుంది. మందు విషయమూ అంతే. 0.25 శాతం ద్రావణాన్ని నేరుగా ఫీడ్‌లోకి పోయకుండా, పైపులోనే నీటితో మరో పదింతలు పలుచన చేసి, ఒకేచోట కాక రెండు మూడు చోట్ల చిన్న మొత్తాలుగా కలపాలి. మీ 2 కిలోల పాలిమర్ 0.25 శాతంలో 800 లీటర్లు అయితే, 0.025 శాతంలో 8,000 లీటర్లు అవుతుంది. పదార్థం అదే, కాని అది చేరే రేణువుల సంఖ్య చాలా పెరుగుతుంది.

ద్రావణం తయారీ గదిని కూడా ఒకసారి చూడమని కోరుతున్నాము, ఎందుకంటే మా అనుభవంలో థిక్‌నర్ జబ్బులలో సగం అక్కడే పుడతాయి. పొడిని నీటిపై ఒక్కసారిగా కుమ్మరిస్తే పైన తడిసి లోపల పొడిగా మిగిలిన ఉండలు కడతాయి, ఆ ఉండలలోని పాలిమర్ వృథా. పొడి పూర్తిగా తడిశాక, గొలుసులు విచ్చుకోవడానికి నెమ్మదిగా కలుపుతూ అరగంట నుంచి గంటవరకు ఆగాలి. వేగంగా తిరిగే సెంట్రిఫ్యూగల్ పంపుతో దానిని పంపితే విచ్చుకున్న గొలుసులే తెగిపోతాయి, కాబట్టి స్క్రూ పంపు వాడాలి. సంచులు వాన గాలికి తెరిచి ఉంటే పొడి గడ్డకడుతుంది. ఒలికిన పొడిమీద నీళ్ళు పోయకండి, నేల జారుడుబండలా అవుతుంది.

ఇక టార్క్ అలారం మోగినప్పుడు చేయవలసిన పని వేరు. మందును తగ్గించండి, ఫీడ్‌ను తగ్గించండి, రేక్‌ను పైకి లేపండి, అండర్‌ఫ్లో పంపింగ్ పెంచండి. ఓవర్‌ఫ్లో కొంతసేపు ఎర్రగా పోయినా రేక్ వంగకుండా కాపాడుకోవడం మేలు.

ప్రశ్న: ప్రయోగశాలలో సిలిండర్ పరీక్షలో అద్భుతంగా పనిచేసిన పాలిమర్ ప్లాంటులో ఎందుకు విఫలమవుతుంది?
— కెమిస్టు, హైదరాబాద్

జవాబు: పరీక్ష ఎలా చేశారన్నదానిపై సగం జవాబు ఆధారపడి ఉంటుంది. ఎండబెట్టి, సంచిలో పంపిన నమూనాను మళ్ళీ నీటిలో కలిపి చేసిన పరీక్షను నమ్మవద్దు, ఎండిన బంకమన్ను మొదటి స్వభావానికి తిరిగి రాదు. కుళాయి నీరు, డిస్టిల్డ్ వాటర్ కూడా పనికిరావు, ప్లాంటులో తిరుగుతున్న నీటినే వాడాలి. ఒక లీటరు సిలిండర్‌లో తాజా బురదను 5, 10, 15 శాతాలలో విడివిడిగా తీసుకొని, పలుచటి మందును సిరంజితో రెండు మూడు విడతలుగా కలిపి, చిల్లుల పళ్ళెం ఉన్న కడ్డీతో ప్రతిసారీ ఒకే లెక్కన మెల్లగా పైకి కిందికి కదపాలి. తరువాత తేటనీటికీ బురదకూ మధ్య గీత ఎంత సమయంలో ఎంత దిగిందో చూడాలి. 20 సెంటీమీటర్లు 40 సెకన్లలో దిగితే అది గంటకు 18 మీటర్ల వేగం. పైనున్న నీటి తేటదనాన్ని వేరుగా కొలవాలి, మరునాటివరకు కదపకుండా ఉంచి అడుగు బురద సాంద్రత కూడా చూడాలి. ఎక్కువ మందు వేగాన్ని పెంచుతూనే అడుగు సాంద్రతను తగ్గించడం తరచుగా కనిపిస్తుంది. పాలిమర్ అమ్మేవారి నివేదికలో వేగం అంకె ఒక్కటే ఉంటే మిగతా రెండు అంకెలూ అడగండి.

ఇంత జాగ్రత్తగా చేసినా తేడా మిగులుతుంది. మీ చేతి కదలికకూ, ఫీడ్‌వెల్‌లోని సుడికీ పోలిక తక్కువ. సిలిండర్‌లో బురద మందం కొన్ని సెంటీమీటర్లు, తొట్టిలో అది మీటర్లలో ఉండి తన బరువుతో తానే నొక్కుకుంటుంది, రేక్ దానిలో నీటికి దారులు తీస్తుంది. కాబట్టి ఏ మందు మేలో ఎంచుకోవడానికి సిలిండర్‌ను నమ్మవచ్చు. ఎంత మోతాదన్నది మాత్రం ప్లాంటులో, ఒకసారికి ఒక్క విషయాన్నే మారుస్తూ, తేల్చుకోవలసిందే.

ప్రశ్న: మా బంగారు గనిలో సముద్రం కంటే ఉప్పగా ఉండే భూగర్భజలం వాడతాము. ఇక్కడ మందు మోతాదు ఎందుకు ఎక్కువ?
— కల్గూర్లీ, పశ్చిమ ఆస్ట్రేలియా

జవాబు: సాధారణ పాలిమర్ గొలుసు మీద ఋణావేశపు చోట్లు వరుసగా ఉండి ఒకదానినొకటి నెట్టుకోవడంవల్ల అది చాచుకొని ఉంటుంది. ఉప్పు ఆ నెట్టుడును అణచివేస్తే గొలుసు ముడుచుకుపోతుంది, అందేంత దూరం తగ్గుతుంది. అదే ఉప్పు బంకమన్ను రేణువుల మధ్య వికర్షణనూ తగ్గిస్తుంది గనుక నష్టంలో కొంత పూడుతుంది. తక్కువ ఆవేశం ఉన్న, లేదా ఆవేశం లేని పాలిమర్లను పక్కపక్కన పరీక్షించండి. మందు ద్రావణానికి మాత్రం వీలైనంతవరకు ఉప్పు తక్కువ నీటిని కేటాయించండి. ప్లాంటు మొత్తానికి కావలసిన నీటిలో అది చాలా చిన్న భాగం.

ప్రశ్న: మా ఊరికి ఎగువన గని బురద చెరువు ఉంది. వానాకాలంలో దాని నీరు వాగులో కలుస్తోంది. ఆ నీటిలో కలిపే రసాయనం విషమని అంటున్నారు. బావి నీరు తాగవచ్చా?
— రైతు, కడప జిల్లా

జవాబు: పాలీఆక్రిలమైడ్ పెద్ద అణువు. అది చాలావరకు బురదకు అంటుకొని దానితోపాటే చెరువు అడుగుకు చేరుతుంది, శరీరంలోకి సులువుగా ఇంకదు. భయపడవలసినది దాని తయారీలో మిగిలిపోయే ఆక్రిలమైడ్ అనే చిన్న అణువు గురించి. అది నరాలకు హాని చేస్తుంది, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో దానిని మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం గలదిగా వర్గీకరించింది. తాగునీటిలో అది లీటరుకు 0.5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

ఒక లెక్క చూడండి. టన్ను పొడి ఘనపదార్థానికి 20 గ్రాముల మందు వేశారనీ, అందులో 0.1 శాతం ఆక్రిలమైడ్ మిగిలిందనీ, ఆ టన్నుతోపాటు 3 టన్నుల నీరు ఉందనీ, అదంతా నీటిలోనే ఉండిపోయిందనీ అనుకుంటే, లీటరుకు సుమారు 7 మైక్రోగ్రాములు వస్తుంది. మట్టిలో, నీటిలో ఉండే సూక్ష్మజీవులు దానిని కుళ్ళబెడతాయి, వాగులో అది ఇంకా పలుచబడుతుంది, కాబట్టి బావిదాకా అంత చేరదు. అయినా థిక్‌నర్ నీరు తాగునీరు కాదనడానికి ఈ ఒక్క అంకె చాలు. చేపల విషయంలో ఇంకొక తేడా ఉంది. ఋణావేశపు పాలిమర్ల హాని తక్కువ, ధనావేశపు పాలిమర్లు చేపల మొప్పలకు అంటుకొని వాటిని చంపగలవు.

అయితే మీ బావి విషయంలో మా మొదటి అనుమానం మందు మీద కాదు. ఖనిజం నుంచి కరిగి వచ్చే లోహాలు, ఆర్సెనిక్, సల్ఫేటు, ఫ్లోరైడు, లవణాలు, నీటి ఆమ్లక్షార గుణం, వీటివల్ల కలిగే ప్రమాదం చాలాచోట్ల అంతకంటే పెద్దది. వీటన్నిటికీ కలిపి పరీక్ష చేయించండి, యురేనియం గని అయితే యురేనియం, రేడియంలను కూడా చేర్చమనండి. వానకు ముందు ఒకసారి, వాన తరువాత ఒకసారి, చెరువుకు ఎగువనున్న ఒక బావినుంచి కూడా నమూనా తీసి పోల్చితేనే ఫలితానికి అర్థం ఉంటుంది. ఆ ఫలితాలు వచ్చేవరకు ఆ బావి నీటిని తాగకపోవడమే మంచిది. వాగులోకి నీరు వదిలేందుకు గనికి ఏ అనుమతి ఉందో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మంచి ఫ్లాక్యులెంట్ వాడితే బురద చెరువుల గట్లు తెగే ప్రమాదం తగ్గుతుందా?
— సివిల్ ఇంజనీరు, విశాఖపట్నం

జవాబు: నేరుగా తగ్గదు, నీటి ద్వారా తగ్గవచ్చు. అండర్‌ఫ్లోలో ఘనపదార్థం 45 శాతం ఉంటే టన్ను పొడి ఘనపదార్థంతో 1.22 టన్నుల నీరు చెరువుకు పోతుంది, 60 శాతానికి చేరిస్తే 0.67 టన్నులే పోతుంది. గంటకు 100 టన్నులు నడిపే ప్లాంటులో ఈ తేడా రోజుకు 13 లక్షల లీటర్లు దాటుతుంది. అది ప్లాంటుకే తిరిగి వచ్చే నీరు, గట్టుమీద ఒత్తిడి పెట్టని నీరు.

బ్రెజిల్‌లో 2015 నవంబరు 5న ఫుండావ్ గట్టు తెగి 19 మంది, 2019 జనవరి 25న బ్రుమాదిన్యో దగ్గర గట్టు తెగి 270 మంది చనిపోయారు. రెండూ ఇనుప ఖనిజపు బురద చెరువులే, రెండింటిలోనూ గట్టును పాత బురదమీదికే జరుపుతూ ఎత్తు పెంచారు, లోపలి పదార్థం తడిగా ఉండి ఒక్కసారిగా ద్రవంలా పారింది. 2020 ఆగస్టులో బురద చెరువుల గురించి వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం గట్టు యాజమాన్యపు బాధ్యతను పైస్థాయి అధికారుల మీద పెట్టింది. థిక్‌నర్ ఎంత బాగా నడిచినా, గట్టు డిజైను తప్పైతే అది దానిని సరిదిద్దలేదు. పైగా తొట్టిలో కట్టిన గుత్తులు కిలోమీటర్ల పైపులో, పంపుల్లో నలిగి విడిపోతాయి. అందువల్ల కెనడాలోని చమురు ఇసుక గనులలో పైపు చివర, బురద బయటపడే చోట, మరోసారి పాలిమర్ కలుపుతారు.

ప్రశ్న: మన పల్లెల్లో చిల్లగింజను కుండలో అరగదీసి నీటిని తేటపరిచేవారు. అటువంటి సహజ పదార్థాలు గనులకు పనికిరావా?
— ఉపాధ్యాయిని, ఒంగోలు

జవాబు: గనులు కూడా మొదట వాటినే వాడాయి. బాక్సైటు నుంచి అల్యూమినా తీసే కర్మాగారాలలో ఎర్ర బురదను దింపడానికి సింథటిక్ పాలిమర్లు వచ్చేదాకా పిండిపదార్థమే ఆధారం. గోరుచిక్కుడు గింజల జిగురు ఖనిజ పరిశ్రమకు చాలాకాలం ఫ్లాక్యులెంటుగా పనిచేసింది. దానికి ఆవేశం లేదు కనుక ఆమ్ల ద్రావణంలోనూ ఉప్పు నీటిలోనూ పెద్దగా ముడుచుకోదు, ఆక్రిలమైడ్ భయమూ ఉండదు. కాని దాని గొలుసులు పాలీఆక్రిలమైడ్ గొలుసులకంటే చాలా పొట్టివి, అందుచేత టన్నుకు ఎన్నో రెట్లు ఎక్కువ వేయవలసి వస్తుంది, కలిపిన ద్రావణం ఎండాకాలంలో త్వరగా పులిసిపోతుంది. చిల్లగింజ కుండెడు నీటికి సరిపోతుంది, గంటకు వందల టన్నుల బురదకు కావలసినన్ని గింజలు మన అడవులలో దొరకవు. పొడవైన పాలిమర్ గొలుసులను గోరుచిక్కుడు జిగురుమీద అతికించి, రెండింటి మేలునూ పొందాలనే ప్రయత్నాలు మన దేశపు ప్రయోగశాలల్లో కూడా జరిగాయి, పరీక్షలలో వాటి పనితీరు ఆశాజనకంగానే ఉంది. టన్నుల్లో నిలకడగా, పాలీఆక్రిలమైడ్‌తో పోటీపడే ధరకు దొరికినప్పుడే ప్లాంటు మేనేజర్లు వాటి కోసం సిలిండర్ తీస్తారు.